కృష్ణాతీరమున కృష్ణసారములు

ఏ దేశమున కృష్ణసారమృగము తనంతట తాను స్వేచ్ఛగా సంచరించునో యా దేశము యజ్ఞయోగ్యమని మనుస్మృతి చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యుడును ధర్మములను ఉపదేశింపబోవుచు మొట్టమొదట నీ మాటనే యెత్తుకొనెను. చిన్ననాట మా తాతగారు నాకిది పాఠము చెప్పునపుడు, “ఇఱ్ఱి తిరుగనిచోట యజ్ఞమేల చేయరాదు తాతయ్యా?” యని యడిగితిని. “అది నిర్భయముగ తిరుగుచున్నదనిన, అచ్చటివారు దానిని చంపుట లేదన్నమాట. చంపనివారి నేలయే యజ్ఞభూమి” యని యాయన చెప్పెను. ఆ వ్యాఖ్యానము తాతగారి సొంతము.

ఆ లెక్కను చూచినచో, తెలంగాణమున నారాయణపేట జిల్లాలో కృష్ణయొడ్డున నున్న పల్లెలను మించిన యజ్ఞభూమి మాకు దగ్గఱలో మఱియొకటి లేదు. అచ్చట కృష్ణసారములు మందలు మందలుగా పట్టపగలే తిరుగుచున్నవి. యజ్ఞమును నడచుచునే యున్నది. దానికి వలయు హవిస్సును, అనగా పత్తిని, కందిని, కంటినిద్రను, రెండుమూడెకరముల రైతులు వేల్చుచున్నారు. పుణ్యము మాత్రము దేశమంతయు పంచుకొనుచున్నది. ఈ మాట కోపముతో వ్రాయుట లేదు. నేను కన్నులార చూచివచ్చినదానిని సోదరీమణులకు విన్నవింపవలెనని వ్రాయుచున్నాను.

మేముండునది గద్వాల. మావారు బడిపంతులు. రాళ్లన్నను, శాసనములన్నను వారికి మక్కువ మెండు. కృష్ణ మండలములోని ముడుమాల గ్రామమున పూర్వయుగపు నిలువురాళ్లున్నవనియు, వానిని 2025 మార్చిలో యునెస్కోవారి ప్రపంచవారసత్వపు తాత్కాలికపట్టికలో చేర్చిరనియు పత్రికలలో చదివినది మొదలు, వారి మనస్సు మనస్సులో లేదు. ఆ ప్రాంతపు బడిలో పనిచేయు వారి మిత్రుడొకరు రమ్మని పిలువగా, ఆ యేటి ఆషాఢమాసమున రెండుదినములు సెలవు దొరికినప్పుడు బయలుదేరితిమి. పిల్లలను మా యత్తగారికి అప్పగించితిని.

గద్వాలనుండి రాయచూరునకు రైలుదారి పడి పండ్రెండేండ్లయినది. రాయచూరున బండి మాఱి ఉత్తరమునకు సాగినచో కొంతసేపటికే కృష్ణానది కనబడును. విద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఆకాశమునకు స్తంభములు నాటినట్లుండును. వంతెనమీద బండి నడక మందగించినది. ఏటినడుమ నల్లని బండలు, వాని సందులలో ఎఱ్ఱనీటి కొత్తపాయలు. ప్రక్కనున్న ముసలమ్మ కొంగుముడి విప్పి యొక రూపాయిబిళ్ల నీటిలోనికి విసరి చేతులు జోడించెను. నేనును జోడించితిని. వంతెన దాటగానే వచ్చు స్టేషను పేరును కృష్ణయే. ఏటిపేరే యూరికి పెట్టుకొన్నవారి భక్తి మెచ్చదగినది.

ఆ నేల నల్లరేగడి. కనుచూపుమేర చెట్టు లేదు, గుట్ట లేదు. పడమట భీమానది వచ్చి కృష్ణలో కలియును. ఇట్టి బయలును చూచినపుడు కోస్తావారికి దిగులు పుట్టునట. నాకు మాత్రము మనస్సు విప్పి యారవేసినట్లుండును.

ముడుమాలరాళ్లను గూర్చి మావారు వేఱుగ వ్రాయుదురు గావున నేను రెండుమాటలతో సరిపెట్టెదను. రెండాళ్లయెత్తు రాళ్లు చేలనడుమ వరుసలు తీర్చి నిలిచియున్నవి. జనులు వానిని నిలువురాళ్ల తిమ్మప్పయని మ్రొక్కుదురు. ఒక బండమీద చిన్నచిన్న గుంటలతో సప్తర్షిమండలమును చెక్కినారు. వేలయేండ్లనాడు చుక్కలను జూచి కార్తెలు లెక్కించుకొన్నవారి పని యది. నేడును ఆ చేలలో విత్తనము చుక్కనుబట్టియే పడుచున్నది. మృగశిరకార్తె ప్రవేశించి నాలుగు చినుకులు రాలిన, గొఱ్ఱు కట్టుదురు. మృగశిర యనగా జింకతలయే గదా. ఆకాశమున జింకతల వాన తెచ్చును. దాని వెనుకనే నేలమీద జింకనోరు వచ్చును.

మొదటినాటి సాయంకాలమే జింకలను చూచితిమి. రాళ్లనుండి మరలి వచ్చుచుండగా మాతో వచ్చిన బాలుడు వ్రేలెత్తి చూపెను. దూరమున నొక బీడులో ముప్పదినలుబది లేళ్లు. రంగు పండిన గోధుమవలె లేతపసుపు, పొట్ట తెలుపు. వాని నడుమ నొక్కటి మాత్రము కాటుకనలుపు. కంటిచుట్టును తెల్లని వలయము, మెలికలు తిరిగి పైకి లేచిన కొమ్ములు. అదియే ఇఱ్ఱి, కృష్ణసారమని శాస్త్రములు చెప్పునది. తలయెత్తి, ముట్టె ముందుకు చాచి, కొమ్ములు వీపున కానించి, పెండ్లికొడుకువలె నడుచుచుండెను. ఈ జాతిలో కొమ్ములును నలుపును మగవానికే. మాయడుగుల చప్పుడు విని యొక లేడి నిలిచినచోటనుండియే ఆళ్లెత్తు పైకెగసినది. వెంటనే రెండవది, మూడవది. పిమ్మట మందయంతయు నేలను తాకుచున్నదో లేదో యన్నట్లు పరుగెత్తిపోయినది. గంటకు ఎనుబది కిలోమీటర్లవఱకు పరుగెత్తగలవని పుస్తకములందున్నది. చూచినవారికి అది తక్కువయనియే తోచును.

కణ్వాశ్రమమున శకుంతల చామగింజలు పిడికిట పట్టి పెంచిన జింకపిల్ల, ఆమె యత్తవారింటికి వెడలునపుడు కొంగుపట్టి లాగెనని కాళిదాసు వర్ణించెను. ఆ పిల్ల వంశమే యిదియని నా మనస్సు పొంగినది. మా వెంటనున్న బాలుని మనస్సు పొంగలేదు. వాడు చీకటిపడకముందే పొలము చేరి తాతకు సద్ది యియ్యవలెనని పరుగెత్తెను.

మఱునాటి యుదయము ఆ బాలుని యింటివారి చేనికి పోయితిమి. ఇంటి పెద్దామెకు అఱువదియేండ్లుండును. మనిషి సన్నము, గొంతు గట్టి. ఆమెయు కోడలును చేతిలో విత్తులసంచితో గట్టున నిలిచియుండిరి. చేను మూడెకరములు, పత్తి. సాలువెంబడి చూచితిని. నాలుగడుగులకొక మొక్క రెండాకులతో నున్నది. మిగిలినచోట అగ్గిపుల్లలవలె కాడలు మాత్రము నిలిచియున్నవి. కొన్ని సాళ్లలో కాడయును లేదు, గిట్టల గుర్తులే. నడుమ నడుమ మంద పండుకొనిన చోట్లు చాపలు పఱచినట్లున్నవి.

నేను, “పాపము, నోరులేని జీవములు గదా పెద్దమ్మా” యంటిని.

ఆమె నవ్వి, “నోరు లేదంటరమ్మా అందరు. నోరు లేకుంటే నా చేనెవరు మేసినట్టు?” అనెను.

దానికి నాయొద్దను, ఏ కావ్యమునొద్దను సమాధానము లేదు.

తరువాత నామె లెక్క చెప్పినది. అక్షరము రాదు గాని లెక్కలో దిట్ట. మృగశిరలో మొదటిసారి విత్తిరి. మొలిచి రెండాకులు వేయగానే నాలుగు రాత్రులలో పోయినది. ఆరుద్రలో రెండవసారి. అదియును పోయినది. పునర్వసులో మూడవసారి విత్తుటకే ఆనాడు సంచితో వచ్చిరి. పునర్వసు దాటినచో పత్తి విత్తుట దండుగయని యచ్చటి రైతులమాట. ఆలస్యముగ విత్తినదానికి కాపు తగ్గును, పురుగు హెచ్చును. పత్తివిత్తుల పొట్లమునకు 2025లో ప్రభుత్వము నిర్ణయించిన ధర 901 రూపాయలు. ఎకరమునకు రెండు పొట్లములు. మూడెకరములకు ఒక్కసారి విత్తుటకే అయిదువేల నాలుగువందలు దాటును. మూడుమార్లకు పదునాఱువేలు. ఇది విత్తనమునకు మాత్రమే. గొఱ్ఱు, గుంటక, అడుగున వేసిన యెరువు, కూలి వేఱు. ఒక మార్వాడీనగ కుదువ పెట్టి రెండవసారి విత్తు తెచ్చిరని కోడలు మెల్లగా చెప్పెను. మూడవసారికి ఏమి పెట్టిరో నేనడుగలేదు. ఆమె చెవులవైపు చూచిన చాలును.

మూడెకరములలో ఒకటి కౌలు. కౌలుపైకము ఉగాదికే చెల్లించిరి. జింక తినినను, వరద వచ్చినను కౌలు తిరిగిరాదు. పట్టా పాసుపుస్తకము భూస్వామి పేర నుండును గనుక, నష్టపరిహారము వచ్చినను, అది వచ్చు చిరునామా వేఱు.

ఈ జింకలకు పత్తిమీదనే ప్రీతియనుకొనరాదు. లేత జొన్న, వేరుసెనగ, సెనగ, కంది, పొద్దుతిరుగుడు – పచ్చగా లేతగా నున్నదెల్ల వానికి విందే. కంది పూతకు వచ్చినపుడు కొసలు త్రుంచును. కొసపోయిన కందికి కాయ యెక్కడిది? అవి తినునది కొంత, త్రొక్కునది దానికి రెట్టింపు. ఎద్దు చేనబడిన నొకచోట మేయును, కఱ్ఱ చూపిన వెడలును. జింక యిటనొక కొస, అటనొక కొస కొఱికి సాగుచునే యుండును. తఱిమిన కొలది చేనంతయు కలియద్రొక్కును.

కావలి యెట్లు కాయుచున్నారో చూచితిని. ఆ యూరిచేలకన్నిటికిని చీరలకంచెలు. గుంజలు నాటి, పాతచీరలను పొడవునా కట్టియున్నారు. గాలికి రెపరెపలాడుచు, దూరమునుండి చూచువారికి ఏదో జాతరయన్నట్లు కనబడును. ఆ కోడలు నాకు చీరలను వరుసగా పరిచయము చేసినది. “ఆ పచ్చది మా అత్తది. ఆ ఎర్రంచుది నా సీమంతానికి మా అమ్మ పెట్టింది. అగో ఆ నీలంది మా ఆడబిడ్డది, చినిగిపోలే, అయినా కట్టినం.” పిమ్మట నవ్వుచు, “మీది గద్వాల గదా అమ్మా, ఒక జరీచీర పంపుండ్రి. ఆ మెరుపుకన్న జడుస్తయేమో!” అనెను. మొదటి రెండుమూడు వారములు జింకలు చీరకు బెదరునట. తరువాత అది చీరయేయని వానికిని తెలిసిపోవును. చీరల తరువాత పాత క్యాసెట్ల నల్లరీలు కట్టిరి. అది గాలికి జుమ్మని మ్రోగును. దానికిని అలవాటుపడినవి. డబ్బాలు కొట్టుట, టపాకాయలు కాల్చుట, కుక్కలను కట్టుట, అన్నియు నైనవి. చివరకు మిగిలినది మనిషి.

రాత్రి ముసలాయన, కొడుకు వంతులవారీగ మంచెమీద పరుండుదురు. తెల్లవాఱుజామున అత్తాకోడండ్రు పోవుదురు. జింక మేతకు వచ్చువేళలలో అది యొకటి. పాములు తిరుగు వానకాలము. పగలు కూలికి పోకున్న గడవదు. ఇంటిపని సరేసరి. మనుమడు బడిలో మొదటి గంటకే తూలుచుండునని మావారి మిత్రుడు చెప్పెను. ఆ తరగతిలో తూలు పిల్లలు వాడొక్కడే కాడట. పంటనష్టపు కాగితములలో నీ పద్దు ఏ గడిలోను లేదు.

వల్లీకల్యాణము మనలో తెలియనివారు లేరు. కొఱ్ఱచేనికి మంచెమీద కావలియున్న వల్లీదేవిని కుమారస్వామి వరించిన కథ. దక్షిణదేశపు పురాణగాథలో ఆ వల్లి లేడికడుపున పుట్టినదే. లేడిబిడ్డయే చేనికి కావలి కాచినది! మన పెద్దలు జింకకును చేనికిని గల వైరమును ఎఱుగకపోలేదనియు, రెంటిని ఒక యింటివిగనే తలచిరనియు నాకు తోచుచున్నది.

ఇక జింకను చంపరాదను శాసనము. 1972లో చేసిన వన్యప్రాణి సంరక్షణచట్టమున కృష్ణసారము మొదటిషెడ్యూలులో, పులి యున్న పట్టికలోనే, యున్నది. దానిని చంపినవారికి మూడేండ్లకు తగ్గక ఏడేండ్లవఱకు కారాగారము. పంట పాడుచేయు అడవిపందిని అధికారుల యనుమతితో కాల్పించుటకు చట్టమున దారి గలదు. మొదటిషెడ్యూలు మృగమునకు ఆ దారి లేదు. మనుష్యుని ప్రాణమునకు ముప్పు తెచ్చిననో, కోలుకొనలేని రోగముననో గాయముననో యున్ననో తప్ప దానిని చంప ననుమతింపరు. పత్తిమొలక ప్రాణము లెక్కలోనిది కాదు.

ఇంత కఠినముగ శాసింపవలసిన పని లేకపోలేదు. ఒకప్పుడు ఈ దేశపు మైదానములన్నిట లక్షలకొలదిగ నుండిన మృగమిది. రాజులు చీతాలను మచ్చికచేసి వానిచే కృష్ణసారములను వేటాడించెడివారు. చీతాయే మన దేశమున నశించినదని 1952లో ప్రకటింపబడినది. తుపాకులును జీపులును ప్రబలిన పిమ్మట జింకలకు అదే గతి పట్టనున్నదని భయపడి చట్టము చేసిరి. చట్టము ఫలించినది. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము కృష్ణసారమే. చంపువారు తగ్గిరి, చంపెడి తోడేళ్లును తగ్గినవి. లేడి ఆఱునెలలు మోసి ఒక్క పిల్లను కనును గాని, కొలదికాలమునకే మరల చూలగును. మంద పెరుగక యేమగును?

మంద పెరుగుటయొకటి, నేల తఱుగుట యొకటి. కృష్ణసారము అడవిమృగమని మనము అనుకొందుము. అది చెట్ల గుబురులను ఓర్వని జంతువు. దానికి కావలసినది బయలు, గడ్డి. దూరమునుండి శత్రువును చూచి పరుగెత్తుటయే దాని విద్య. పూర్వము ప్రతి యూరికిని పశువులకని బంచరాయి యుండెడిది. ఏటియొడ్డున బీళ్లుండెడివి. ఆవులతోబాటు జింకలును అచ్చట మేసెడివి. రైతు వానిని చూచి ముచ్చటపడెడివాడు. బంచరాయిని కొంత పంచిరి, కొంత ఆక్రమించిరి, మిగిలినదానిని ట్రాక్టరు దున్నినది. అడవిలోనికి తఱుముడని చెప్పువారికి ఇది తెలియదు. దానికి అడవియే పరాయిచోటు.

భారతమున అరణ్యపర్వములో నొక చిన్నకథ గలదు. పాండవులు ద్వైతవనమున నుండగా ఒకరాత్రి ధర్మరాజునకు కలలో జింకలు కనబడి కన్నీరు పెట్టుకొన్నవి. మీవేటచే మా కులము నశించి విత్తనమునకు కొలదిగ మిగిలితిమి, మీరిక వేఱొక వనమునకు తరలుడని వేడుకొన్నవి. ధర్మరాజు తమ్ములతో ఆలోచించి మఱునాడే కామ్యకవనమునకు వెడలెను. కథ మిక్కిలి యందమైనది. అయితే పాండవులకు మఱియొక వనముండెను. ఈ పెద్దామెకు మఱియొక మూడెకరములు లేవు.

ఇదే కథ యొక తరమునకు ముందు మా ప్రక్కనే రోళ్లపాడున నడచినది. మేము క్రిందటి హేమంతమున కర్నూలుకు చుట్టముల యింటికి పోయినపుడు, నందికొట్కూరు మీదుగ అచ్చటికి పోయివచ్చితిమి. ఇప్పుడది నంద్యాల జిల్లాలోనిది. అంతరించిపోవుచున్న బట్టమేకపిట్ట యచ్చటి గడ్డిబీళ్లలో నున్నదని తెలిసి, దాని రక్షణకై 1988లో అభయారణ్యము నేర్పఱచిరి. అరణ్యము లేని యభయారణ్యమది. పదునైదువందల యెకరముల గడ్డి మాత్రమే. నెమలికన్న బరువైన యా పక్షి కొఱకు కంచెలు కట్టి గడ్డి పెంపగా, బాగుపడినవి జింకలు. మందలు పెరిగి చుట్టుప్రక్కల చేలమీద పడినవి. నష్టపడిన రైతులకు జింకమీద కోపము, జింకను తెచ్చినదని పిట్టమీద కోపము, పిట్టను కాచుచున్నారని కావలివారిమీద కోపము. కాలువనీరు వచ్చి చుట్టునున్న మెట్టచేలును మాఱిపోయినవి. బట్టమేకపిట్ట కనబడుట ఇటీవలి యేండ్లలో మిక్కిలి యరుదైనది. నేను పోయిననాడు ఆ గడ్డినడుమ జింకలున్నవి, గాలి యున్నది, పిట్ట లేదు. ఒకదానిని కాపాడబోయి దాని యిరుగుపొరుగును ఎడముచేసికొన్నచో, ఆ కాపుదల యెంతకాలము నిలుచును?

కృష్ణయొడ్డు పల్లెలకు తరణోపాయములేమని మావారును వారి మిత్రుడును ఆ రాత్రి చాలసేపు మాటలాడిరి. నేను గడపయొద్ద కూర్చుండి వింటిని. నడుమ నడుమ నా మాటయు నంటిని. సూర్యశక్తితో పనిచేయు తీగకంచె యొకటి. మెల్లగా చుఱుక్కుమని కొట్టునే గాని ప్రాణము తీయదు. ఖరీదు పెద్దరైతుకు తగినది. అతడు కట్టుకొన్న, ఆ మంద కంచె లేని చిన్నరైతు చేనికి మరలును. ఊరంతయు కలిసి కట్టిననే ఫలము. ఈ కంచెకు సొమ్ము చాలక కొందరు ఇంటికరెంటునే తీగకు తగిలింతురు. అది నేరము, అంతకుమించి ఘోరము. అట్టి తీగ జింకనేకాదు, చీకటిలో నీరుపెట్ట వచ్చిన మనిషినిని చంపును. మన యిండ్లలో మగవారికి ఈ మాట గట్టిగ చెప్పుట మన విధి.

జింకలను పట్టి వేఱొకచోట విడుచుట రెండవది. ఇది వినుటకు సులభము. కృష్ణసారము పట్టుబడిన భయముననే గుండె పగిలి చచ్చును. వలలు వేసి పట్టిన కొన్ని దారిలోనే పోవును. 2025 అక్టోబరులో మధ్యప్రదేశమున షాజాపూరు ప్రాంతములో దక్షిణాఫ్రికా నిపుణుల పద్ధతిని ఒక యుపాయము చేసిరి. గరాటువలె సన్నగిల్లు దడులు కట్టి, హెలికాప్టరుతో మందలను మెల్లమెల్లగా వానిలోనికి తోలి, చేతితో తాకకుండ బండ్లలోని కెక్కించి, దూరపు రక్షితవనములకు చేర్చిరి. ఎనిమిదివందలకు పైగా కృష్ణసారములు అట్లు తరలినవి. కొన్నిటిని చేర్చిన కూనోవనమున, 2022లో ఆఫ్రికానుండి తెచ్చి విడిచిన చీతాలున్నవి. రైతుచేను తప్పించుకొని చీతానోట పడుట జింకకు మేలో కీడో నేను తేల్పలేను గాని, ప్రకృతిసహజమైన లెక్క యదియే.

గుజరాతములో భావనగరపు రాజులు తమ వేటకై కాచుకొన్న గడ్డినేల వెలావదారు. దానిని 1976లో జాతీయోద్యానముగ చేసిరి. ముప్పదినాలుగు చదరపు కిలోమీటర్లు గడ్డికే విడువబడినది. మన కృష్ణయొడ్డున అంత బయలు దొరకదు. అయినను ఊరూరను మిగిలిన బంచరాయినైన గడ్డిగ నిలిపిన, మొలకలు లేతగా నుండు ఆ నాలుగు వారములలో మందకు మఱియొక పళ్లెము పెట్టినట్లగును గదా యని నేనంటిని. మావారి మిత్రుడు, “ఆ భూములకు ఇప్పుడు ధర వచ్చినదమ్మా” యని యూరకుండెను.

పోయిన సొమ్మునైన చెల్లించుట మూడవది. ఇంతవఱకు అడవిమృగముల నష్టము పంటబీమాలో చేరియుండలేదు. 2025 నవంబరులో కేంద్రప్రభుత్వము దీనిని బీమాలో చేర్చుచున్నామనియు, 2026 వానకాలపు పంటనుండి అమలుచేయుదుమనియు ప్రకటించినది. ఏ జిల్లాలో, ఏ మృగమునకు వర్తించునో రాష్ట్రములు నిర్ణయింపవలెను. నష్టము జరిగిన డెబ్బదిరెండు గంటలలో రైతు తన ఫోనులో ఛాయాచిత్రములు తీసి పంపవలెను. ఇది మంచిమాట. చదువువచ్చిన ఆడపిల్లలున్న యిండ్లలో ఈ పని వారే చేసిపెట్టవచ్చును. నా పాఠకురాండ్రలో పల్లెలకు చుట్టరికములున్నవారు ఈ గడువును మాత్రము వారి చెవిని వేయవలెనని ప్రార్థన. ఈ వార్త రాగానే నేనా పెద్దామెకు ఫోనులో చదివి వినిపించితిని. ఆమె అంతయు విని, “బాగనే ఉన్నదమ్మా. లేని మొలకకు ఫొటో ఎట్ల తియ్యాలె?” అని యడిగెను. మొలిచిననాడే యొకటి తీసి యుంచుకొనుమని చెప్పితిని. కోడలు ఆ మాట పట్టుకొన్నది.

ఆ ఫోనులోనే తక్కిన సంగతులును తెలిసినవి. పునర్వసులో విత్తిన మూడవ విత్తనము దక్కినది. ఆ నెలలో వానలు బాగుగ కురిసి ఏటియొడ్డున గడ్డి పెరిగి, మంద అటు తిరిగినదట. కార్తికమున మొదటితీత పత్తి తీసిరి. క్రిందటి యేటిలో సగమునకు కొంచెము తక్కువ. కుదువపెట్టిన నగలలో ఒకటి విడిపించిరి. సాళ్లనడుమ వేసిన కంది యిప్పుడు పూతమీద నున్నది. ముసలాయన మరల మంచెయెక్కినాడు. చీరలు వానకు చివికిపోయినవట, ఇంటనున్న పాతవి పంపుమని కోడలడిగినది. ఆఱు చీరలు మూటకట్టి యుంచితిని. మావారి మిత్రుడు వచ్చే ఆదివారము గద్వాల వచ్చినపుడు తీసికొనిపోవును.